రాజపూజ్యం 2, అవమానం 7

ఉగాదినాడు మా ఇంట్లో పంచాంగం చదివేది నేనే. ఎవరి రాశికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని ఇంటిల్లిపాదికీ వినిపిస్తాను. నా రాశి దగ్గరికొచ్చేసరికి, అవమానం అంకె వద్ద గొంతు కాస్త తగ్గిస్తాను. మా ఆవిడ వంటింట్లోంచే అందుకుంటుంది: "క్రికెట్ ప్రపంచ కప్ ఉన్న ఏడాది మీకు పంచాంగంతో పనేంటండీ? ఆ అంకె ఎలాగూ ఏడే కదా!"

కాదనలేను. కప్పు వచ్చినప్పుడల్లా జోస్యం చెప్పి పరువు పోగొట్టుకోవడం నాకు అలవాటు. ఆస్ట్రేలియా గెలుస్తుందని చెప్పడానికి బుర్ర అక్కర్లేదు, నోరుంటే చాలు. బక్క జట్టు ఒకటి బరిలో దిగినప్పుడు, అది ఎన్ని మ్యాచ్‌లు గెలుస్తుంది, ఎవరి కొంప ముంచుతుంది అని ముందే చెప్పడంలో ఉంది పనితనం. ఆ పనితనం నాకుందని నా నమ్మకం. ఈ నమ్మకం నాకు తప్ప ఇంకెవరికీ లేదు.

నిజానికి ఈ జోస్యాల జబ్బు నాకు మా నాన్నగారి నుంచి వచ్చింది. 1983 జూన్ 25, శనివారం. లార్డ్స్‌లో వెస్టిండీస్‌తో ఫైనల్. మనవాళ్లు 183కి ఆలౌటయ్యారు. నాన్నగారు ట్రాన్సిస్టర్ చెవి మెలిపెట్టి కట్టేసి, "అయిపోయింది, పడుకోండి" అన్నారు. పడుకున్నాం. పొద్దున్న పాలుపోస్తూ పాలవాడు చెప్పాడు, మనం 43 పరుగులతో గెలిచామని. నాన్నగారు నమ్మలేదు. పాలలో నీళ్లు కలిపేవాడి మాట నమ్మేదేమిటన్నారు. పేపరొచ్చాక మాత్రం మాట్లాడకుండా మొదటి పేజీ అంతా చదివి, మడిచి, "లెక్క ప్రకారం నేను పడుకోవడమే రైటు" అన్నారు.

ఆయన లెక్కలో తప్పు లేదు. అంతకుముందు జరిగిన రెండు ప్రపంచ కప్‌లలోనూ కలిపి మనం గెలిచింది ఒక్కటే మ్యాచ్, అదీ ఈస్ట్ ఆఫ్రికా మీద. 1979లోనైతే అప్పటికి టెస్టు హోదా కూడా లేని శ్రీలంక చేతిలో ఓడిపోయి వచ్చాం. అలాంటి జట్టు, వరసగా రెండు కప్పులు కొట్టి మూడోదానికి వచ్చిన వెస్టిండీస్‌ని 140కి పడగొడుతుందని ఏ లెక్క చెబుతుంది? "ఆ కపిల్‌దేవ్‌కి లెక్కలు రావురా, అందుకే గెలిచాడు" అనేవారు నాన్నగారు, చివరిదాకా.

ఆయనకి ఇంగ్లండులో ఒక జతగాడు ఉన్నాడని తర్వాత తెలిసింది. డేవిడ్ ఫ్రిత్ అని, విజ్డెన్ క్రికెట్ మంత్లీకి సంపాదకుడు. ఇలాంటి జట్లు ఇంకోసారి రాకపోవడమే మేలన్న ధోరణిలో ఆ కప్పుకి ముందు మనవాళ్ల గురించి రాశాడు. కప్పు మనవాళ్ల చేతికొచ్చాక ఒక పాఠకుడు ఉత్తరం రాశాడు: అయ్యా, తమరు రాసింది తమరే తినండి అని. ఫ్రిత్ పెద్దమనిషి. ఆ కాగితాన్ని నోట్లో పెట్టుకుని ఫొటో దిగి, దాన్ని తన పత్రికలోనే వేసుకున్నాడు. కప్పు తెచ్చిన ఆ జట్టుకి మేనేజరు మన హైదరాబాదు పి.ఆర్. మాన్‌సింగ్ అని తెలిశాక, మా నాన్నగారు పడుకుండిపోయినందుకు నేను ఇంకాస్త సిగ్గుపడ్డాను.

ఆ సిగ్గు నాకు బుద్ధి నేర్పి ఉండాల్సింది. నేర్పలేదు.

1996 ఫిబ్రవరి 23న మా విశాఖపట్నానికి ప్రపంచ కప్ వచ్చింది. ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలో ఆస్ట్రేలియాకీ కెన్యాకీ మ్యాచ్. నేను డిగ్రీలో ఉన్నాను. సిమెంటు మెట్టు మీద పేపరు పరుచుకుని, ఒళ్లో స్టీలు డబ్బా నిండా పులిహోర పెట్టుకుని కూర్చున్నాం, నలుగురు స్నేహితులం. మొదట్లోనే ఆస్ట్రేలియాకి రెండు వికెట్లు టపటపా పడ్డాయి. గ్యాలరీ అంతా లేచి కెన్యా, కెన్యా అని అరిచింది. మనవాళ్లంతే, ఎవరు బక్కగా ఉంటే వాళ్లవైపు. ఆ తర్వాత వా అన్నదమ్ములు కుదురుకున్నారు. మార్క్ వా 130, స్టీవ్ వా 82. ఇద్దరూ కలిసి మూడో వికెట్టుకి 207 పరుగులు జోడించారు. సాయంత్రానికి కెన్యా జట్టంతా కలిసి 50 ఓవర్లు ఆడి చేసింది ఎంతనుకున్నారు? సరిగ్గా 207. అన్నదమ్ములిద్దరు ఎంతో, ఊరంతా కలిసి అంత.

అదిగో, ఆ 207 చూసి నాకు జ్ఞానోదయమైంది. పులిహోర డబ్బా మూసి, నోట్సులోంచి ఒక కాగితం చింపి, "కెన్యా ఈ కప్పులో ఒక్క మ్యాచ్ కూడా గెలవదు. గెలిస్తే ఈ కాగితం తింటాను" అని రాసి, కింద సంతకం పెట్టి, తేదీ కూడా వేశాను. ఫ్రిత్ సంగతి తెలిసినవాణ్ణే, అయినా తినే పనుండదని ధైర్యం. కాగితాన్ని మావాడొకడు నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకున్నాడు. దాచుకుంటూ నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. మటన్ కొట్టువాడు మేకని అలాగే చూస్తాడు.

ఆరు రోజులు గడిచాయి. ఆరో రోజు ఫిబ్రవరి 29. నాలుగేళ్లకోసారి వచ్చే ఆ తేదీ ప్రత్యేకంగా నాకోసమే వచ్చింది. పుణేలో వెస్టిండీస్ మీద కెన్యా 166కి ఆలౌటయింది. నేను కాలరెగరేశాను. తర్వాత లారా ఎనిమిది పరుగులకి కీపర్ చేతిలో బంతి పెట్టి వెళ్లిపోయాడు. కాలరు దించాను. వెస్టిండీస్ 93కి ఆలౌట్. 73 పరుగులతో కెన్యా గెలిచింది.

మర్నాడు పొద్దున్న కాలేజీ ఎదుట టిఫిన్ బండి దగ్గర కాగితం బయటికొచ్చింది. ఇడ్లీలో చుట్టి, అల్లం చట్నీలో ముంచి పెట్టారు. సంతకం ఉన్న మూల తప్పకుండా తినాలన్నారు. రూళ్ల కాగితం ఒక పట్టాన నలగదు, నాన్చాలి. మూడోసారి నమిలేసరికి సిరా దిగుతుంది. బండివాడు ఇదంతా చూసి, ఇంకో గరిటె చట్నీ ఉచితంగా వేశాడు. నా క్రికెట్ విశ్లేషణకి ఇంతవరకూ దక్కిన పారితోషికం అదొక్కటే.

2003 గురించి ఎక్కువ చెప్పను. అదే కెన్యా మళ్లీ వచ్చింది. న్యూజిలాండ్ దగ్గర ఆగిపోతారు చూడండి అన్నాను. భద్రత బాగాలేదంటూ న్యూజిలాండ్ అసలు నైరోబీకే వెళ్లలేదు, పాయింట్లు కెన్యాకి ఇచ్చేశారు. ఆ తర్వాత కెన్యా అదే నైరోబీలో శ్రీలంకని ఓడించి, అలా అలా సెమీఫైనల్ దాకా వచ్చేసింది. ఆడకుండా గెలిచేవాళ్ల మీద జోస్యం ఎలా చెప్పేదండీ?

ఇక్కడ కాస్త సీరియస్‌గా ఒక మాట చెప్పుకోవాలి, లేకపోతే నన్ను మరీ వెర్రివాణ్ణనుకుంటారు. బక్క జట్టు అవకాశాలు ఆ జట్టు ఆటమీద కంటే పరీక్ష పెట్టే పద్ధతి మీద ఎక్కువ ఆధారపడి ఉంటాయి. 2007లో పదహారు జట్లని నాలుగేసి చొప్పున విడగొట్టారు. తలా మూడు మ్యాచ్‌లు. అది ఎంసెట్ లాంటిది. ఆ రోజు జ్వరమొస్తే ఏడాదంతా చదివిన చదువు గోదాట్లోకే. మార్చి 17న, ఒక్క రోజులోనే, మనం బంగ్లాదేశ్ చేతిలో, పాకిస్తాన్ ఐర్లండ్ చేతిలో ఓడాం. ఇద్దరం మొదటి గడపలోనే పెట్టె సర్దుకున్నాం. 2019కీ 2023కీ వచ్చేసరికి పదే జట్లు, ప్రతి జట్టూ మిగతా తొమ్మిదింటితోనూ ఆడాలి. ఇది యూనిట్ టెస్టుల పద్ధతి. వెనక బెంచీ కుర్రాడు రెండు టెస్టుల్లో ఫస్టు రావచ్చు, ఏడాది చివర మాత్రం ర్యాంకు ముందు బెంచీవాడిదే. కాబట్టి ఇలాంటి కప్పులో బక్క జట్టు సెమీస్‌కి వెళుతుందా అని అడగడం అనవసరం. ఎవరికి జ్వరం తెప్పిస్తుంది అన్నదే ప్రశ్న. ఇంత చక్కగా విడమరిచి చెప్పగలిగినవాణ్ణి, 2023లో మళ్లీ ఎందుకు మునిగానో వినండి.

ఆ ఏడాది జూన్ 26 రాత్రి మా ఆవిడ ఫోన్ కిణకిణలాడింది. వాళ్ల పుట్టింటివాళ్ల వాట్సాప్ గ్రూపు. మా అత్తవారిది విజయవాడ. జింబాబ్వేలో ప్రపంచ కప్ అర్హత పోటీలు జరుగుతున్నాయి. వెస్టిండీస్ 374 కొడితే, నెదర్లాండ్స్ కూడా 374 కొట్టి టై చేసింది. అందులో 76 బంతుల్లో 111 కొట్టిన కుర్రాడి పేరు తేజ నిడమానూరు. సూపర్ ఓవర్లో లోగన్ వాన్ బీక్ అనే ఆయన, హోల్డర్ వేసిన ఆరు బంతులకీ బౌండరీ బయటే చిరునామా రాశాడు. 30 పరుగులు. ఆ తర్వాత బంతి కూడా తనే తీసుకుని, వెస్టిండీస్‌ని ఎనిమిదికే ఆపేశాడు. ఈయన తాతగారు సామీ గిలెన్ ఒకప్పుడు అదే వెస్టిండీస్‌కి టెస్టులాడిన మనిషి. తాత ఆడిన జట్టుని మనవడు అలా సాగనంపాడు. అయిదు రోజుల తర్వాత స్కాట్లండ్ చేతిలో కూడా ఓడి, మొదటి రెండు కప్పులూ గెలిచిన వెస్టిండీస్ ఈ కప్పుకి రాకుండానే పోయింది.

గ్రూపులో మాత్రం ఇవేవీ పట్టలేదు. ఇంటిపేరు చూడగానే అందరూ లేచి కూర్చున్నారు. విజయవాడ నుంచి ఏలూరు రోడ్డు మీద గన్నవరం విమానాశ్రయానికి వెళుతుంటే నిడమానూరు తగులుతుంది. ఆ దారిన విమానమెక్కిన ప్రతివాడికీ ఆ కుర్రాడు దగ్గరి బంధువైపోయాడు. "ఎవరి తాలూకు?" అని మా పెద్దత్తగారి మెసేజీ. "అబ్బాయికి పెళ్లయిందా?" అని పిన్నత్తగారు. తేజ విజయవాడలోనే పుట్టాడు, చిన్నప్పుడే న్యూజిలాండ్ వెళ్లి అక్కడ పెరిగాడు, తర్వాత నెదర్లాండ్స్‌లో స్థిరపడ్డాడు అని నేను టైపు చేసి పెట్టాను. దానికి ఎవరూ బదులివ్వలేదు. పెళ్లి సంగతి చెప్పలేదు కదా.

అంతే, ఇంట్లో పార్టీ మారిపోయింది. మా ఆవిడ నెదర్లాండ్స్. నేనూ నెదర్లాండ్సే, ఇంట్లో అన్నం తినాలి కాబట్టి. పైగా ఆ జట్టు గురించి చదివేకొద్దీ ముచ్చటేసింది. పాల్ వాన్ మీకెరెన్ అనే ఫాస్ట్ బౌలర్, 2020లో కోవిడ్ వల్ల ఆటలాగిపోతే, చలికాలం గడవడానికి ఊబర్ ఈట్స్‌లో ఇంటింటికీ భోజనాలు చేరవేశాడట. కప్పుకి ముందు బెంగళూరు దగ్గర సాధన చేస్తూ, నెట్స్‌లో బంతులేసేవాళ్లు కావాలని వీళ్లు ప్రకటన ఇస్తే వేలమంది దరఖాస్తు పెట్టారు. ఎంపికైన నలుగురిలో ఒకతను చెన్నైలో స్విగ్గీ డెలివరీ చేసే కుర్రాడు. జట్టులో ఒకడు, నెట్స్‌లో ఒకడు. తిండికి లోటులేని జట్టు అన్నమాట.

వాళ్ల మొదటి మ్యాచ్ హైదరాబాదు ఉప్పల్లోనే, అక్టోబర్ 6న, పాకిస్తాన్‌తో. ఆఫీసుకి సెలవు పెట్టి మా బావమరిదిని వెంటేసుకుని వెళ్లాను. డచ్చివాళ్ల ఆరెంజ్ టీషర్టులు కావాలంటే దొరకలేదు, నా దగ్గరున్నది ఉతికి ఉతికి బత్తాయి రంగుకొచ్చింది. స్టాండ్లలో కుర్చీలు చాలావరకు ఖాళీ, కాబట్టి మా అరుపులు మాకే స్పష్టంగా వినపడుతున్నాయి. "ఒరేయ్ తేజా, బెజవాడ పరువు!" అని మా బావమరిది బౌండరీ దగ్గరున్న ఫీల్డర్‌ని చూసి గొంతు చించుకున్నాడు. ఆ అబ్బాయి వెనక్కి తిరిగి, మర్యాదగా చెయ్యి ఊపాడు. తెల్లగా, ఆరడుగుల పైన ఉన్నాడు.

"బావా, మనవాడు అక్కడ బాగా తెల్లబడ్డాడు" అన్నాడు మా బావమరిది.

"వాడు తేజ కాదురా."

"మరి తెలుగులో అరిస్తే చెయ్యెందుకు ఊపాడు?"

పాకిస్తాన్ 286 చేసింది. బాస్ డి లీడ నాలుగు వికెట్లు తీసి, ఆనక 67 కూడా కొట్టాడు. ఇతని తండ్రి టిమ్ డి లీడ 2003 కప్పులో మన మీద నాలుగు వికెట్లు తీసిన మనిషి, అందులో సచిన్‌దీ ఉంది. కాసేపు నిజంగానే గెలుస్తారేమో అనిపించింది. తర్వాత గోడ కూలినట్టు కూలి 205కి ముగించారు. తేజ ఎక్కువసేపు నిలవలేదు. మూడు రోజులకి అదే ఉప్పల్లో న్యూజిలాండ్ చేతిలో 99 పరుగులతో ఓటమి. ఈలోగా దక్షిణాఫ్రికా ఢిల్లీలో శ్రీలంక మీద 428 కొట్టింది, లక్నోలో ఆస్ట్రేలియాని 134 పరుగులతో చితక్కొట్టింది.

నాలో పాత విశ్లేషకుడు నిద్ర లేచాడు. అక్టోబర్ 16న ఆఫీసు క్యాంటీన్లో, టీ గ్లాసు బల్ల మీద కొట్టి చెప్పాను: "నెదర్లాండ్స్‌కి ఈ కప్పులో ఒక్క గెలుపూ లేదు. రేపు దక్షిణాఫ్రికా 400 కొడుతుంది." అకౌంట్స్‌లో ఉండే పెద్దాయన ఒకరు, "కాగితం మీద రాసిస్తారా సార్?" అన్నారు. ఆయనకి నా పాత కథ తెలియదు. నాకే ఎందుకో కడుపులో సిరా కదిలినట్టయింది. రాసివ్వలేదు.

మర్నాడు ధర్మశాలలో వాన పడి, మ్యాచ్ 43 ఓవర్లకి తగ్గింది. డచ్చివాళ్లు 82కి అయిదు వికెట్లు పోగొట్టుకున్నారు. నేను వంటింట్లోకి వెళ్లి దోసెలు వేయడం మొదలుపెట్టాను, చూడాల్సిందేముంది అని. హాల్లోంచి కేకలు. కెప్టెన్ స్కాట్ ఎడ్వర్డ్స్ కదలడం లేదు. రోలోఫ్ వాన్ డర్ మెర్వ చితకబాదుతున్నాడు. ఈయన ముందు దక్షిణాఫ్రికాకే ఆడినవాడు, ముప్పై ఎనిమిదేళ్ల మనిషి. ఆఖర్న ఆర్యన్ దత్ అనే కుర్రాడు తొమ్మిది బంతుల్లో 23 కొట్టాడు. ఎడ్వర్డ్స్ 78 నాటౌట్, మొత్తం 245. నేను దోసె తిప్పడం మర్చిపోయాను. దక్షిణాఫ్రికా 207కి ఆలౌట్. నా జీవితంలోకి 207 మళ్లీ వచ్చింది! మా ఆవిడ మాడిన దోసె నా కంచంలోనే వేసి, "కాగితం కంటే నయమే కదండీ" అంది. ఈ కథ ఆవిడకి ఎవరు చెప్పారో ఇప్పటికీ తేలలేదు.

మనిషన్నాక మారాలి. మారాను. "వీళ్లు సెమీస్‌కి వెళతారు" అని ఊరంతా చాటాను. యూనిట్ టెస్టుల సిద్ధాంతం నేనే చెప్పి, నేనే మర్చిపోయాను. అక్టోబర్ 25న ఢిల్లీలో మాక్స్‌వెల్ 40 బంతుల్లో సెంచరీ కొట్టాడు, ఆస్ట్రేలియా 399, మావాళ్లు 90. 309 పరుగుల తేడా. క్యాంటీన్లో అకౌంట్స్ పెద్దాయన నాకు టీ తనే ఇప్పించారు. పరామర్శకి వచ్చినవాళ్లు ఎలా ఇప్పిస్తారో అలా. దాంతో నోరు మూసుకున్నాను. నేను నోరు మూసుకున్న మూడో రోజే కోల్‌కతాలో బంగ్లాదేశ్‌ని 87 పరుగులతో ఓడించారు. ఆ మ్యాచ్‌లో 23 పరుగులిచ్చి నాలుగు వికెట్లు తీసింది ఎవరనుకున్నారు, మన ఊబర్ ఈట్స్ వాన్ మీకెరెనే. ఆర్డరు సరైన టైముకి అందించాడు.

ఆ తర్వాత అఫ్గానిస్తాన్, ఇంగ్లండ్ చేతుల్లో ఓడి, దీపావళి నాడు బెంగళూరులో మన ముందుకొచ్చారు. మనవాళ్లు 410 కొట్టారు. ఇక గెలుపోటముల మాట లేదు, టపాకాయలు కాల్చుకోవచ్చు. కానీ తేజ ఆడుతున్నాడు. మా ఆవిడ కాకరపువ్వొత్తి చేత్తో పట్టుకుని టీవీ ముందే నిలబడిపోయింది. యాభై దాటాడు. ఫోన్లో విజయవాడ గ్రూపు దద్దరిల్లిపోతోంది. తొమ్మిది వికెట్లు పడ్డాయి. మన కెప్టెన్‌కి సరదా పుట్టి, తనే బంతి అందుకున్నాడు. రోహిత్ శర్మ వాళ్లమ్మగారిది మా విశాఖపట్నం. ఓవర్లో అయిదో బంతికి తేజ గాల్లోకి కొట్టాడు, షమీ పట్టాడు. 54కి అవుట్. బెజవాడ కుర్రాణ్ణి వైజాగ్ ఆడపడుచు కొడుకు ఇంటికి పంపాడు.

నేను చప్పట్లు కొట్టాను. మన దేశం గెలిచింది కాబట్టి కొట్టాననే ఇప్పటికీ చెబుతున్నాను. మా ఆవిడ కాకరపువ్వొత్తి ఆరిపోయేదాకా నావైపే చూసి, "మీ ఊరివాళ్ల బుద్ధే అంత" అంది. మర్నాడు టిఫిన్ ఉప్మా. మూడో రోజు కూడా ఉప్మాయే.

తర్వాత ఒకరోజు కూర్చుని లెక్క చూసుకున్నాం. తొమ్మిది మ్యాచ్‌లు, రెండు గెలుపులు, ఏడు ఓటములు. పదిజట్ల పట్టికలో పదోస్థానం. "రాజపూజ్యం 2, అవమానం 7" అంది మా ఆవిడ. "మీ పంచాంగం కంటే చాలా నయం."

2027 కప్పు దక్షిణాఫ్రికా, జింబాబ్వే, నమీబియాల్లో. పద్నాలుగు జట్లు ఆడతాయి. నమీబియా ఇంటికే పెళ్లి వస్తున్నా, ఆ జట్టు మాత్రం అర్హత పోటీలు గెలిస్తేనే పీటల మీద కూర్చోవాలి. క్యాంటీన్లో అప్పుడే అడుగుతున్నారు, నమీబియా సంగతేంటి సార్, నెదర్లాండ్స్ మళ్లీ ఎవర్ని ముంచుతుంది సార్ అని. చెప్పడానికి నాకేం అభ్యంతరం లేదు, కావాలంటే మీకూ చెబుతాను. కాగితం, కలం మాత్రం తీసుకురాకండి.